చేపల తొట్టికి ఇంటి సామాను: ఏది చాలు, ఏది కొనాలి

అక్వేరియం పెట్టుకున్న కొన్నాళ్లకే చాలామందికి ఒక సంగతి తెలిసొస్తుంది. తొట్టికీ చేపలకీ అయ్యేది ఒకసారి ఖర్చు. దాన్ని నడపడానికి కావలసిన చిన్నాచితకా సామానుకు మాత్రం అంతుండదు. అద్దం గీకడానికి ఒకటి, గులకరాళ్లు శుభ్రం చేయడానికి ఒకటి, నీళ్లలో వేసే చుక్కల మందు ఒకటి, ఆ నీళ్లు బాగున్నాయో లేదో చూసే మందు ఇంకొకటి. వీటిలో సగానికి బదులుగా వంటింట్లోనో స్టోర్‌రూంలోనో ఏదో ఒకటి దొరుకుతుంది. మిగతా సగానికి కూడా దొరుకుతుందిలే అనుకున్నప్పుడే చేపలు చస్తాయి.

ఏది ఏ సగంలోకి వస్తుందో తేల్చడానికి నేను ముందు ధర చూడను. ఆ వస్తువు నీళ్లలో ఎంతసేపు ఉంటుంది, బయటికి వచ్చాక వెనక ఏం వదిలిపెడుతుంది అని చూస్తాను. గీకి, తుడిచి, మోసి, పీల్చి బయటికి వచ్చేసే వాటికి ఇంటి వస్తువులు బ్రహ్మాండంగా పనికొస్తాయి. నెలల తరబడి నీళ్లలో నానేదాన్ని కాస్త అనుమానంగా చూడాలి. నీళ్లలో కరిగిపోయేదాన్ని ఇంకా అనుమానంగా చూడాలి. ఇక నీళ్లు ఎలా ఉన్నాయో కొలిచే పనికైతే ఇంట్లో బదులు వస్తువే లేదు.

బకెట్, గొట్టం

అక్వేరియం కోసమే తయారైన బకెట్ ఎవరికీ అక్కర్లేదు. అలాగని బాత్రూంలో ఉన్నది తేవద్దు. వాడిన ప్లాస్టిక్ మీద సన్నటి గీతలుంటాయి, సబ్బు, డిటర్జెంట్ ఆ గీతల్లో పట్టి ఎంత కడిగినా పూర్తిగా వదలవు. డిటర్జెంట్ చేప మొప్పలను, ఒంటిమీది జిగురు పొరను దెబ్బతీస్తుంది. కొత్త ప్లాస్టిక్ బకెట్ ఒకటి తెచ్చి, మార్కర్‌తో 'చేపలకు మాత్రమే' అని పెద్దగా రాసి పెట్టండి. అది ఇంట్లో మిగతావాళ్ల కోసం. జింకు పూత ఉన్న రేకు బకెట్ వద్దు, జింకు నీళ్లలోకి దిగుతుంది. రాగి, ఇత్తడి పాత్రలతో నీళ్లు తేవడం కూడా వద్దు. రొయ్యలు, నత్తలు ఉన్న తొట్టికి రాగి విషమే.

అడుగున పేరుకున్న రెట్ట, మిగిలిన మేత లాగే సైఫన్ విషయంలో ఇంట్లో చేసుకున్నది కొన్నదానికి ఏమాత్రం తీసిపోదు. పారదర్శకంగా ఉండే గొట్టం రెండు మీటర్లు, అర లీటరు నీళ్ల సీసా ఒకటి చాలు. సీసా అడుగు కోసేసి, మూతి గొట్టానికి బిగించండి. వదులుగా ఉంటే గొట్టం చివరను వేడినీళ్లలో ముంచితే మెత్తబడి సాగుతుంది, చల్లారాక పట్టేస్తుంది. కోసిన అంచును కొత్త సాండ్‌పేపర్‌తో నున్నగా రుద్దండి, లేకపోతే చేపల రెక్కలు గీసుకుంటాయి. సీసాను గులకరాళ్లలోకి నిలువుగా గుచ్చితే రాళ్లు సీసాలో సగం దాకా లేచి గిరగిరా తిరుగుతాయి. వాటికంటే తేలికైన మురికి మాత్రం గోధుమరంగు పొగలా పైకెళ్లి గొట్టంలో పడుతుంది. రాళ్లు మరీ పైకి ఎగబాకుతుంటే గొట్టాన్ని వేళ్లతో కాస్త నొక్కితే చాలు, కిందకి దిగిపోతాయి. అడుగున ఇసుక ఉంటే మాత్రం గుచ్చకూడదు. ఇసుకకు ఒక అంగుళం పైన సీసాను గాల్లో తిప్పినట్టు తిప్పాలి.

దుకాణంలో దొరికే సైఫన్‌కు ఒక్కటే లాభం. చేత్తో నొక్కే రబ్బరు బంతి ఉంటుంది, నోటితో పీల్చే పని ఉండదు. నోటితో పీల్చడం మానేయాల్సిన అలవాటే, తొట్టి నీళ్లలో మనిషికి జబ్బుచేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. దానికీ ఉపాయం ఉంది. గొట్టం మొత్తాన్ని తొట్టిలో ముంచి నీళ్లతో నింపి, ఒక చివర బొటనవేలితో మూసి బకెట్‌లోకి దించి వేలు తీయండి. ధార దానంతట అదే మొదలవుతుంది. రెండొందల లీటర్లు దాటిన తొట్టి ఉన్నవాళ్లకు బకెట్లు మోయడం నడుము మీద పడుతుంది కాబట్టి కుళాయికి తగిలించే పొడవాటి గొట్టం కొనుక్కోవడం మంచిది. చిన్న తొట్టికి అది అనవసరం.

ఇంజెక్షన్ సిరంజికి, వంటింట్లో పులుసు పీల్చి మాంసం మీద పోసే పొడవాటి రబ్బరు డ్రాపర్‌కు కూడా నా ఓటు ఉంది. మూల మూలల్లో ఇరుక్కున్న మేతను పైపైన లాగడానికి ఇవే హాయి. సూది లేని సిరంజి మందు కొలవడానికి కూడా పనికొస్తుంది. మూతతో 'సుమారుగా' పోయడం కన్నా వంద రెట్లు నయం.

అద్దం మీద పాకుడు

అద్దానికీ, యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్‌కీ వేర్వేరు సలహాలు ఇవ్వాలి. మీది గాజు తొట్టి అయితే గడువు తీరిన ఏటీఎం కార్డును మించిన గీకుడు పరికరం లేదు. పచ్చటి మెత్తటి నాచు ఒక్క గీతలో వచ్చేస్తుంది. ముదిరి చుక్కల్లా గట్టిపడ్డ పాకుడు మీద కార్డు జారిపోతుంది, దానికి షేవింగ్ బ్లేడు కావాలి. ఏది వాడినా రెండు అద్దాలు కలిసే మూలల్లో ఉన్న సిలికాన్ జోలికి వెళ్లవద్దు. బ్లేడు అంచు అక్కడ ఒక్కసారి తగిలినా చాలు, కొన్నాళ్లకు అక్కడే కారడం మొదలవుతుంది. కార్డు గట్టిగా ఉంటుంది కాబట్టి దాని మూలను కూడా కత్తెరతో గుండ్రంగా కత్తిరించుకోవడం మంచిది.

యాక్రిలిక్ తొట్టికి బ్లేడు, స్టీల్ పీచు, ఆకుపచ్చ గరుకు స్క్రబ్బర్ మూడూ నిషిద్ధం. గీత పడితే పోదు. మెత్తటి కొత్త నూలుగుడ్డ వాడండి, లేదా యాక్రిలిక్‌కు అని రాసి ఉన్న ప్యాడ్ కొనండి. ఇక్కడ కొనడమే నా సలహా. అయస్కాంతం బ్రష్షు చేయి తడవకుండా రోజూ తిప్పేవాళ్లకు బాగుంటుంది. కాకపోతే రెండు ముక్కల మధ్య ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే అది గాజును కూడా గీస్తుంది. అడుగు దగ్గరికి దాన్ని తీసుకెళ్లకండి.

పైపులు, ఫిల్టర్ మూతి, బొమ్మల సందులు తోమడానికి కొత్త టూత్‌బ్రష్ బాగా పనికొస్తుంది. పాతదైతే పేస్టు అవశేషాలుంటాయి.

నీటిమట్టం దగ్గర అద్దం మీద తెల్లగా గట్టి గీతలా పేరుకునేది నాచు కాదు, నీళ్లు ఆవిరయ్యాక మిగిలిన సున్నపు పదార్థం. దీనికి ఖరీదైన క్లీనర్ కన్నా వంటింటి తెల్ల వెనిగర్ చాలు. నీటిమట్టాన్ని నాలుగు వేళ్ల మందం కిందకి దించి, వెనిగర్‌లో తడిపి పిండిన టిష్యూను ఆ గీత మీద అతికించండి. పది నిమిషాలు ఆగి కార్డుతో గీకితే పెళ్లలుగా ఊడొస్తుంది. తర్వాత తడిగుడ్డతో తుడిచేయండి. మూత, లైటు కవర్, ఫిల్టర్ మోటారు తిరిగే భాగం మీద కూడా ఇదే పద్ధతి, కాకపోతే విడదీసి బయట పెట్టి చేయాలి. నిమ్మరసం కూడా పనిచేస్తుంది కానీ గుజ్జు, చక్కెర మిగులుతాయి. వెనిగరే మేలు.

తొట్టి బయటి వైపు అద్దానికి గ్లాస్ క్లీనర్ స్ప్రే కొట్టడం చూస్తే నాకు టెన్షన్. చాలా వాటిలో అమ్మోనియా ఉంటుంది, ఆ తుంపర మూత సందుల్లోంచి నీళ్ల మీద పడుతుంది. తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, అంతే.

కుళాయి నీళ్లు: ఆరబెట్టడమా, చుక్కల మందా

కుళాయి నీళ్లలో క్రిములు చంపడానికి వేసే క్లోరిన్ చేపల మొప్పలను కాలుస్తుంది, ఫిల్టర్‌లో మనం పెంచుకునే బ్యాక్టీరియానూ చంపుతుంది. దాన్ని తీయడానికి వెడల్పు మూతి ఉన్న బకెట్‌లో నీళ్లు పట్టి మూత లేకుండా ఒక రోజు వదిలేయడం పాత పద్ధతి. క్లోరిన్ వాయువు గాల్లో కలిసిపోతుంది. గాలి పంపు పెట్టి బుడగలు వదిలితే ఇంకా త్వరగా పోతుంది. ఖర్చు లేదు, పైగా నీళ్లు గది ఉష్ణోగ్రతకు వస్తాయి.

మరి చుక్కల మందు ఎందుకు? కొన్ని ఊళ్లలో నీటి సరఫరా వాళ్లు క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడతారు. అది క్లోరిన్, అమ్మోనియా కలిసిన పదార్థం, పైపుల్లో ఎక్కువ దూరం నిలవాలనే వేస్తారు. అది ఒక రోజు ఆరబెడితే పోదు. అలాంటి నీళ్లను 'ఆరబెట్టాను కదా' అన్న ధీమాతో పోస్తే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. కాబట్టి మీ నీళ్లలో ఏది కలుపుతున్నారో కనుక్కోండి. క్లోరిన్ మాత్రమే అని ఖాయంగా తెలిస్తే, తొట్టి చిన్నదైతే, ఆరబెట్టడం చాలు. క్లోరమైన్ అయినా, ఏదో తెలియకపోయినా డీక్లోరినేటర్ అనే ఆ చుక్కల మందు కొనండి. ఇందులో చాలావాటికి మూలం సోడియం థయోసల్ఫేట్, అంటే ఫొటోలు కడిగేవాళ్లు వాడిన హైపో. మందుల షాపు విటమిన్ సి కూడా క్లోరిన్‌ను, క్లోరమైన్‌ను విరుస్తుంది. కాకపోతే మాత్రల్లో రంగు, చక్కెర, రుచి పదార్థాలు కలుస్తాయి, ఎంత వేయాలో లెక్క కుదరదు. మరీ అవసరానికి స్వచ్ఛమైన ఆస్కార్బిక్ యాసిడ్ పొడి ఉంటే వాడొచ్చు గానీ, వారం వారం చేసే పనికి సీసా కొనడమే తెలివైన పని. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: క్లోరమైన్‌ను విరిచాక అందులోని అమ్మోనియా నీళ్లలోనే మిగులుతుంది. అందుకే అమ్మోనియాను కూడా కట్టేసే మందు ఎంచుకోవాలి.

బోరు నీళ్లలో క్లోరిన్ ఉండదు కాబట్టి ఆరబెట్టక్కర్లేదని అనుకుంటారు. భూమి లోపలి నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ఆక్సిజన్ తక్కువ ఉండొచ్చు. ఒక రాత్రి గాలికి వదిలితే వాయువులు సర్దుకుని పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత, స్థిరపడుతుంది. ఇక ఇంట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో యంత్రం నీళ్లు శుభ్రంగా ఉంటాయని అవే పోసేవాళ్లున్నారు. చేపలకు కావలసిన లవణాలు కూడా అందులో దాదాపు పోతాయి, పీహెచ్‌ను పట్టి ఉంచే శక్తీ పోతుంది. ఉప్పదనం, కఠినత్వం మరీ ఎక్కువైన బోరు నీళ్లను పల్చన చేయడానికి సగం ఆర్వో, సగం బోరు కలపడం మంచి ఉపాయం. పూర్తిగా ఆర్వో మాత్రం వద్దు.

ఫిల్టర్‌లో ఏం నింపాలి

ఇవి నెలల తరబడి నీళ్లలో నానే వస్తువులు కాబట్టి ఎంపికలో కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

సన్నటి మురికి పట్టే తెల్ల ఫ్లాస్ అంటే అసలు పాలిస్టర్ పీచే, దిండ్లలో నింపేదీ అదే. కాబట్టి దిండు పీచు హాయిగా వాడొచ్చు, నిప్పంటుకోకుండా రసాయనం పట్టించినది కాకపోతే చాలు. లేబుల్ లేకపోతే చిన్న పరీక్ష ఉంది. గుప్పెడు పీచును శుభ్రమైన నీళ్లలో వేసి బాగా పిసకండి. నురుగు వచ్చినా, వాసన వచ్చినా పక్కన పెట్టండి. దూది మాత్రం ససేమిరా వద్దు. చూడటానికి ఒకేలా ఉంటుంది గానీ అది నీళ్లలో కుళ్లిపోతుంది.

స్పాంజ్ విషయంలో నేను కొనమనే చెబుతాను. గిన్నెలు తోమే స్పాంజ్‌లో చాలావాటికి బ్యాక్టీరియా పెరగకుండా మందు పట్టిస్తారు. ఫిల్టర్‌కు కావలసిందేమో సరిగ్గా ఆ బ్యాక్టీరియానే. చేపల వ్యర్థంలోంచి వచ్చే అమ్మోనియాను కొన్ని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఆ గుంపు స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అక్వేరియం స్పాంజ్ ఖరీదు పెద్దగా ఉండదు, ఏళ్ల తరబడి వస్తుంది. దీంట్లో పొదుపు చేయడం అర్థం లేనిది.

ఆ బ్యాక్టీరియాకు ఇల్లు కట్టే సిరామిక్ రింగులకు బదులు గిన్నెలు తోమే ప్లాస్టిక్ వలల పీచు, అంటే సబ్బు పట్టించని నైలాన్ ఉండలు, బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఉపరితలం ఎక్కువ, ధూళికి మూసుకుపోవడం తక్కువ. పెద్ద ఫిల్టర్ నింపడానికి రింగులకు డబ్బు తగలేయడం కన్నా ఇదే నయం. రంగు వేయని మట్టి కుండ పెంకులు కూడా పనికొస్తాయి.

ఏది నింపినా కడిగేటప్పుడు కుళాయి కింద పెట్టకండి. నీళ్లు మార్చేటప్పుడు తీసిన తొట్టి నీళ్లలోనే ఒకటి రెండుసార్లు పిండండి, రంగు మారకపోయినా ఫరవాలేదు. తెల్లగా మెరిసే స్పాంజ్ అంటే బ్యాక్టీరియా కొట్టుకుపోయిన స్పాంజ్.

వంటబొగ్గు యాక్టివేటెడ్ కార్బన్‌కు బదులు అవుతుందా? కాదు. కార్బన్‌ను ప్రత్యేకంగా వేడిచేసి కోట్ల సన్న రంధ్రాలు తెప్పిస్తారు, మామూలు బొగ్గుకు ఆ పీల్చే శక్తి లేదు. అచ్చుల్లో నొక్కిన బొగ్గులో అంటించే పదార్థాలు కూడా ఉంటాయి. నిజానికి ఆరోగ్యంగా ఉన్న తొట్టికి కార్బన్ రోజూ అక్కర్లేదు. మందు వేశాక దాని అవశేషం తీయడానికి, నీళ్లకు పట్టిన రంగు పోగొట్టడానికి పెట్టి కొన్ని వారాల్లో తీసేస్తే చాలు. దాన్ని కట్టడానికి సంచీ కొనకండి, పాత నైలాన్ మేజోడు కోసి ముడేయండి. చేపపిల్లలు ఉన్నప్పుడు ఫిల్టర్ పీల్చే మూతికి తొడగడానికీ ఆ మేజోడే. కాకపోతే వారంలోనే దానికి బంక పట్టేసి నీటి వేగం పడిపోతుంది, చూస్తుండాలి.

ఉప్పు, వంటసోడా, వెనిగర్: నీళ్లలో కరిగేవి

ఇక్కడ ఒక్కోదాని తీరు ఒక్కోలా ఉంటుంది.

'అక్వేరియం సాల్ట్' అని డబ్బాలో అమ్మేది సోడియం క్లోరైడే, అంటే మనం వాడే ఉప్పే. కల్లుప్పు వాడొచ్చు. అయోడిన్ కలిపిన ఉప్పు చేపలకు విషమన్న మాట బాగా ప్రచారంలో ఉంది గానీ అందులో అయోడిన్ పరిమాణం ఆ స్థాయిలో ఉండదు. అయినా ఉండకట్టకుండా వేసే పదార్థాలు లేని కల్లుప్పే నా ఎంపిక. నైట్రైట్ పెరిగినప్పుడు లీటరుకు ఒక గ్రాము ఉప్పు వేస్తే అందులోని క్లోరైడ్, నైట్రైట్ మొప్పల గుండా రక్తంలోకి పోకుండా అడ్డుపడుతుంది. తెల్ల చుక్కల జబ్బుకు లీటరుకు 2 నుంచి 3 గ్రాములు, ఒకేసారి కాకుండా ఒకటి రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా కరిగించి పోయాలి. చెంచాలతో కొలవకండి. కల్లుప్పు చెంచా బరువు, మెత్తటి ఉప్పు చెంచా బరువు ఒకటి కావు. వంటింటి త్రాసు ఎందుకుంది? మొక్కలున్న తొట్టికి, కోరిడోరస్, లోచ్ లాంటి చేపలకు ఉప్పు పడదు, అలాంటప్పుడు వేరే తొట్టిలో చికిత్స చేయాలి. ఉప్పు ఆవిరి కాదన్నది ఎక్కువమంది మరిచిపోయే సంగతి. తగ్గిన నీళ్ల స్థానంలో మళ్లీ ఉప్పునీళ్లే పోస్తూ పోతే వారం వారం ఉప్పదనం పెరుగుతుంది. ఆవిరైన మేరకు మామూలు నీళ్లు, మార్చిన మేరకు మాత్రమే ఉప్పునీళ్లు.

ఆరోగ్యంగా ఉన్న మంచినీటి చేపలకు 'బలానికి' రోజూ ఉప్పు వేయడం మాత్రం నాకు నచ్చని అలవాటు.

వంటసోడా నీటి కార్బనేట్ కఠినత్వాన్ని, అంటే పీహెచ్‌ను పడిపోకుండా పట్టి ఉంచే శక్తిని పెంచుతుంది. దుకాణంలో 'బఫర్' పేరుతో అమ్మే చాలా పొడుల్లో ముఖ్య పదార్థం ఇదే. 50 లీటర్లకు ఒక చెంచా, అంటే సుమారు 6 గ్రాములు వేస్తే ఆ కఠినత్వం 4 డిగ్రీలు (కఠినత్వాన్ని కొలిచే డిగ్రీలు, వేడివి కావు) పెరుగుతుంది. ఒకేసారి వేయకండి, ఒక మగ్గు నీళ్లలో కరిగించి కొన్ని రోజులకు పంచండి. ఇందులో ఒక ప్రమాదం దాగుంది. పీహెచ్ తక్కువగా ఉన్న నీళ్లలో అమ్మోనియా పెద్దగా హాని లేని అమ్మోనియం రూపంలో ఉంటుంది. సోడా వేసి పీహెచ్ పెంచగానే అదే విషంగా మారుతుంది. కాబట్టి ముందు అమ్మోనియా చూసుకుని, ఆ తర్వాతే సోడా. బేకింగ్ పౌడర్, బట్టల సోడా వేరు, ఆ పొరపాటు చేయకండి. నెమ్మదిగా జరగాలంటే సోడా కన్నా గవ్వల ముక్కలు లేదా పగడపు రాయి ముక్కలు ఫిల్టర్‌లో పెట్టడం ఇంకా సురక్షితం, అవి అవసరం మేరకే కరుగుతాయి.

వెనిగర్‌ను తొట్టి నీళ్లలో పోసి పీహెచ్ తగ్గించే సలహా వినిపిస్తుంటుంది. వద్దంటే వద్దు. నీటికి కఠినత్వం ఉన్నంతసేపు కాసేపు పీహెచ్ తగ్గి మళ్లీ లేస్తుంది, చేపకు ఆ ఊగిసలాటే ఎక్కువ హాని. మిగిలిన ఆమ్లాన్ని బ్యాక్టీరియా తిని విపరీతంగా పెరుగుతుంది, నీళ్లు పాలలా తెల్లబడతాయి, ఆక్సిజన్ పడిపోతుంది. వెనిగర్ చోటు తొట్టి బయటే. తొట్టిలో పెట్టాలనుకున్న రాయి మీద రెండు చుక్కలు వేసి చెవి దగ్గర పెట్టి చూడండి. చిటపటమని బుడగలు వస్తే అది సున్నపురాయి జాతి, నీటి కఠినత్వాన్ని పెంచుతుంది. మెత్తని నీళ్లు కోరే చేపలకు ఆ రాయి పనికిరాదు.

బొమ్మలు, ప్లాస్టిక్ మొక్కలు తెల్లబరచడానికి బ్లీచ్ బదులు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎంచుకోండి. అది చివరికి నీళ్లు, ఆక్సిజన్‌గా విడిపోతుంది. బ్లీచ్ వాడక తప్పకపోతే సువాసన కలపనిదే ఒక భాగానికి 19 భాగాల నీళ్లు కలిపి నానబెట్టి, తర్వాత డీక్లోరినేటర్ ఎక్కువ వేసిన నీళ్లలో వాసన పూర్తిగా పోయేదాకా ఉంచి ఎండబెట్టాలి. బ్లీచ్, వెనిగర్ ఒకదాని మీద ఒకటి ఎప్పుడూ పడకూడదు, వచ్చేది క్లోరిన్ వాయువు. అప్పుడు ప్రమాదం చేపలకు కాదు, మీకు.

అంటించడం, వెలుతురు, మేత

రాయికో కర్రకో మొక్కను కట్టాలంటే సూపర్ గ్లూ జెల్ తొట్టికి నిరపాయం. నీళ్లు తగలగానే గట్టిపడుతుంది, తెల్ల మచ్చ మాత్రం పడుతుంది. నూలుదారం కట్టినా సరే, వేళ్లు పట్టుకున్నాక దారం దానంతట అదే కుళ్లి ఊడిపోతుంది. తొట్టి అంచు అతకడానికి మాత్రం బూజు పట్టని మందు కలిపిన బాత్రూం సిలికాన్ తేకండి, ఆ మందు చేపలకు విషం. నూటికి నూరు శాతం సిలికాన్ అని ఉన్నది, అక్వేరియంకు పనికొస్తుందని రాసి ఉన్నదే కొనాలి.

టేబుల్ లైటులో 6500 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి తెల్ల కాంతి) ఎల్‌ఈడీ బల్బు పెట్టుకుంటే తక్కువ వెలుతురు చాలే మొక్కలు హాయిగా పెరుగుతాయి. రోజుకు 6 నుంచి 8 గంటలు, దానికి టైమర్ ప్లగ్ ఒకటి. తీగలు తొట్టి నుంచి ప్లగ్‌కు నేరుగా దిగకుండా మధ్యలో కిందకు ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు జారిన నీటి చుక్క ప్లగ్‌లోకి కాకుండా నేల మీద పడుతుంది.

మేత గురించి క్లుప్తంగా: ఉడికించి తొక్క తీసిన బఠాణీ, సన్నగా కోసిన కీరదోస, ఉడికించిన పాలకూర చేపలకు చిరుతిండిగా బాగుంటాయి. మిగిలింది కొన్ని గంటల్లో తీసేయాలి. రొట్టె, బిస్కెట్టు, అన్నం నీళ్లను పాడుచేస్తాయి.

ఇంట్లో దేనికీ బదులు దొరకని చోటు

అమ్మోనియాకు రంగు లేదు, నైట్రైట్‌కు రంగు లేదు. అద్దంలా తేటగా ఉన్న నీళ్లలో చేపలు చచ్చిపోవడం మామూలు సంగతి, అప్పుడు 'నీళ్లు చాలా బాగున్నాయి కదా' అనడం కూడా మామూలే. లిట్మస్ కాగితంతో పీహెచ్ చూస్తే లీలామాత్రంగా తెలుస్తుంది తప్ప పావు పాయింటు తేడా పట్టుకోలేదు. అమ్మోనియాను ఏ వంటింటి వస్తువూ చూపించదు. అందుకే మీరు మొదట కొనాల్సింది అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసే ద్రవ పరీక్ష కిట్. సైఫన్ సీసాతో మిగిల్చిన డబ్బును దానికి పెట్టండి. డబ్బు చాలకపోతే అలంకారం, బొమ్మలు, రంగు రాళ్లు ఆపేయండి, కిట్‌ను మాత్రం కాదు.

జ్వరం చూసే థర్మామీటర్ కూడా బదులు కాదు. దాని కొలత దాదాపు 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, తొట్టికి కావలసింది సుమారు 24 నుంచి 28. వంటింట్లో మాంసం, పాలు చూసే డిజిటల్ ప్రోబ్ ఉంటే అప్పుడప్పుడు ముంచి చూసుకోవచ్చు, రోజూ తొట్టిలో ఉంచేది మాత్రం అక్వేరియం థర్మామీటరే.

గదిలో గాలి కూడా తొట్టిలోకే

ప్లగ్‌కు పెట్టే దోమల యంత్రంలోని ద్రవంలో ట్రాన్స్‌ఫ్లుథ్రిన్, ప్రాలెథ్రిన్ లాంటి పైరెథ్రాయిడ్ పురుగుమందులు ఉంటాయి. మనిషికి పెద్దగా హాని చేయని మోతాదులో కూడా ఇవి చేపలకు తీవ్రమైన విషం. గాలి పంపు గదిలో ఉన్న గాలినే పీల్చి నేరుగా నీళ్లలోకి బుడగలుగా పంపుతుంది. కాబట్టి ఆ యంత్రాన్ని చేపలున్న గదిలో పెట్టకండి, దోమతెర వాడండి. బొద్దింకలకు స్ప్రే కొట్టాల్సి వస్తే పంపు ఆపి, తొట్టిని తడిగుడ్డతో కప్పి, కిటికీలు తీసి, గది బాగా గాలి ఆడాకే మళ్లీ పంపు వేయాలి. రూం ఫ్రెషనర్, హెయిర్ స్ప్రే, పెయింట్ వాసనల విషయంలో కూడా ఇదే జాగ్రత్త. చేతికి క్రీము, శానిటైజర్ రాసుకుని ఆ చేతిని తొట్టిలో పెట్టేవాళ్లకు ఇంకేం చెప్పాలి?

ఎండ, కరెంటు కోత

వేడి నీళ్లు ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 30 దగ్గర ఏడున్నర. వేసవిలో చల్లబరచడానికి చిల్లర్ కొనే ముందు టేబుల్ ఫ్యాన్‌ను నీటి ఉపరితలం మీదుగా గాలి వెళ్లేలా పెట్టి చూడండి. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, నీళ్లు మాత్రం త్వరగా ఆవిరవుతాయి. చాలా తొట్లకు ఇదే సరిపోతుంది. ఐసు నింపిన సీసా తేల్చడం కూడా చేయొచ్చు, అయితే ఒకేసారి నాలుగైదు డిగ్రీలు పడిపోతే చేపలకు అది ఎండ కన్నా చేటు. ఫ్యాన్‌ను ముందు పెట్టండి, సీసాను అత్యవసరానికి ఉంచుకోండి.

కరెంటు పోతే బ్యాటరీ గాలి పంపు కొని ఉంచుకోవడం అన్నిటికన్నా మేలు. అది లేని ఇంట్లో మగ్గు ఉంటే చాలు. తొట్టి నీళ్లే తీసి ఒక అడుగు ఎత్తు నుంచి అరగంటకోసారి కొన్ని మగ్గులు పోస్తూ ఉండండి, ఉపరితలం కదిలితే ఆక్సిజన్ కలుస్తుంది. మేత వేయకండి. చలికాలమైతే తొట్టి చుట్టూ థర్మోకోల్ పలకలు నిలబెట్టి దుప్పటి చుట్టండి. మూత మాత్రం పూర్తిగా బిగించకండి.

కరెంటు వచ్చాక బయట బిగించిన డబ్బా ఫిల్టర్ విషయంలో తొందరపడవద్దు. గంటల తరబడి ఆగితే లోపల నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది, అదంతా పంపు వేయగానే చేపల మీదికి వస్తుంది. ముందు దాన్ని విప్పి లోపలి నీళ్లు పారబోసి, స్పాంజ్‌ను తొట్టి నీళ్లలో ఒకసారి పిండి, అప్పుడు వేయండి. మరుసటి రోజు, ఆ మర్నాడు అమ్మోనియా చూడండి. అంకె కనబడితే నాలుగో వంతు నీళ్లు మార్చండి.